ఏ రోజు నాటి ఓడ?

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని, నా టైటానిక్ మోడల్‌లో బోట్ డెక్ మీద, అంటే లైఫ్ బోట్లు ఉండే పై అంతస్తు మీద, నేనే అతికించిన సామానంతా బ్లేడుతో గీకి తీసేశాను. బెంచీలు, గాలి గొట్టాలు, కప్పు అద్దాలు, తాళ్ళ చుట్టలు. రెండు నెలల పని. మా ఆవిడ కాఫీ తెచ్చి, చూసి, "అయ్యో, పాడైపోయిందా?" అంది.

"పాడవలేదు. ఇది వేరే ఓడ."

నా వంక ఒకసారి, బల్ల వంక ఒకసారి చూసి, కాఫీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఏది అడగాలో, ఏది వదిలెయ్యాలో ఆవిడకి బాగా తెలుసు.

నేను చెన్నైలో, పెరంబూరులో ఉంటాను. బిల్డింగ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో మొదలుపెట్టి, ఆటోక్యాడ్‌తో ముగించిన తరం మాది. ఖాళీగా కూర్చుంటే చేతులు దురద పెడుతున్నాయని గొణుగుతుంటే, సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చేటప్పుడు టైటానిక్ కిట్ ఒకటి తెచ్చాడు. స్కేలు 1/350. అసలు ఓడ పొడవు 882 అడుగుల 9 అంగుళాలు. ఈ స్కేల్లో 77 సెంటీమీటర్లు. మా టీవీ స్టాండు మీద సరిగ్గా పడుతుంది. ఒక నెల పని అనుకున్నాను. ఇప్పటికి పద్దెనిమిది నెలలైంది.

చిక్కంతా డెక్ దగ్గర మొదలైంది. ఓడ పక్క భాగం అంటే నల్ల రంగు వేసి, కిటికీలకు చిల్లులు పెడితే అయిపోతుంది. టీవీ స్టాండు మీద పెట్టిన ఓడని మనిషి నిలబడి పైనుంచి చూస్తాడు. కనిపించేది డెక్. కిట్‌లో డెక్ అంటే ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద చెక్కల మధ్య సందుల్లా గాడులు. ఉద్యోగం పోయినా అలవాటు పోదు కదా, ఆ గాడి వెడల్పు కొలిచాను. దగ్గర దగ్గర 0.15 మిల్లీమీటరు. చేతికి తగిలీ తగలనంత సన్నం. కానీ దాన్ని 350 పెట్టి హెచ్చిస్తే 52 మిల్లీమీటర్లు. అంటే అసలు ఓడ మీద ప్రతి రెండు చెక్కల మధ్యా రెండు అంగుళాల సందు! ఫస్ట్ క్లాసు దొరసానులు ఎక్కిన మొదటి పూటే మడమలు ఇరుక్కుని బోర్లా పడాలి.

ఆ కాలపు పెద్ద ఓడల్లో డెక్ చెక్క వెడల్పు అయిదు అంగుళాల ప్రాంతంలో ఉండేది. మన స్కేల్లో అది 0.36 మిల్లీమీటరు. రెండు చెక్కల మధ్య సందు పావు అంగుళం పైచిలుకు. స్కేల్లో 0.02 మిల్లీమీటరు, అంటే తల వెంట్రుకలో మూడో వంతు. అసలు కనిపించకూడదన్నమాట. ఈ లెక్క వేసుకున్నాక ఆ ప్లాస్టిక్ గాడుల్ని చూడబుద్ధి కాలేదు. పుట్టీ పెట్టి పూడ్చి, నీళ్ళ కాగితంతో నున్నగా రుద్దేశాను. ఇప్పుడు నా ముందు తెల్లటి ఖాళీ డెక్ ఉంది. దాని మీద ఏది ఎక్కడ ఉండాలో తెలుసుకోవడమే మిగిలింది.

అక్కడే బోల్తా పడ్డాను.

టైటానిక్ ఫోటోలకి కరువేముంది అనుకుంటాం. డెక్ మీద నిలబడి తీసినవి నిజానికి చాలా తక్కువ. ఓడ తిరిగిందే కొద్ది రోజులు. 1912 ఏప్రిల్ 2న బెల్ఫాస్ట్ వదిలింది, 15 తెల్లవారుజామున మునిగింది. దాని అక్క ఒలింపిక్ అయితే 1911 జూన్‌లో మొదలుపెట్టి 1935 దాకా తిరిగింది, వేలమంది ఫోటోలు తీసుకున్నారు. రెండూ ఒకే నమూనా మీద కట్టినవే కాబట్టి, ఒలింపిక్ ఫోటో కింద టైటానిక్ అని రాసి అచ్చేసిన పుస్తకాలు కోకొల్లలు. నేను నమ్ముకున్నది అలాంటి ఫోటోనే. కాస్త ఎత్తు నుంచి తీసింది, బోట్ డెక్ బాగా కనిపిస్తోంది, బెంచీలు లెక్కపెట్టుకోవచ్చు. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను కూడా. ఆ లెక్క ప్రకారమే రెండు నెలలు అతికించాను.

ఆ శనివారం రాత్రి మళ్ళీ అదే ఫోటో చూస్తున్నాను. ఈసారి కన్ను బోట్ డెక్ మీద కాకుండా దాని కింద వరుస మీద పడింది. బోట్ డెక్ కింద ఉండేది ఎ డెక్. టైటానిక్‌లో ఎ డెక్ ముందు సగానికి అద్దాల కిటికీలతో తెర కట్టారు. ఒలింపిక్ మీద సముద్రపు తుంపర్లు పడుతున్నాయని, రెండో ఓడకి ఆఖరి వారాల్లో చేసిన మార్పు అది. వెనక సగం తెరిచి ఉంటుంది. నా ఫోటోలో మాత్రం ఎ డెక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా బార్లా తెరిచి ఉంది. ఇంకేముంది, ఒలింపిక్. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే బ్లేడు తీసుకున్నాను.

నా పొరపాటుకి గొప్ప తోడు ఒకరు దొరికారు, అది తర్వాత తెలిసింది. మునక మీద 1912లో అమెరికా సెనేట్ ఒకటి, లండన్‌లో లార్డ్ మెర్సీ అనే జడ్జి ఒకటి, రెండు విచారణలు జరిపారు. ఆ సాక్ష్యాలన్నీ అక్షరం పొల్లు పోకుండా రాసి ఉంచారు. డెక్ మీద ఏం జరిగిందో చెప్పినప్పుడు మనుషులు తెలియకుండానే డెక్ మీద ఏముందో చెబుతారు. బోట్ డెక్ నుంచి ఎక్కించే బదులు, బోట్లను ఒక అంతస్తు కిందకి దించి ఎ డెక్ నుంచి ఎక్కించమని ఆ రాత్రి కెప్టెన్ స్మిత్ చెప్పాడు. జనాన్ని కిందకి పంపారు కూడా. అప్పుడు హ్యూ వూల్నర్ అనే ప్రయాణికుడు కెప్టెన్ దగ్గరకి వెళ్ళి, కింద అద్దాల కిటికీలు మూసి ఉన్నాయి కదా, ఆ సంగతి మరిచిపోయారని చెప్పాడట. నిజమే, వాళ్ళని వెనక్కి పిలవమన్నాడట కెప్టెన్. స్మిత్ అంతకు ముందు దాకా నడిపింది ఒలింపిక్‌ని! ఆ ఓడకి ఆ కిటికీలు లేవు. ఆయన తలలో ఉన్నది కూడా పాత ఓడ డెక్కే అని నా అనుమానం.

నాలుగో నంబరు బోటు ఆ కిటికీల దగ్గరే చాలాసేపు వేలాడింది. చివరికి కిటికీలు తెరిచి, డెక్ కుర్చీలు మెట్లలా పేర్చి, ఆడవాళ్ళని కిటికీలోంచి బోటులోకి దాటించారు. ఆ బోటు కిందకి దిగే దారికి అడ్డంగా, సముద్రం లోతు కొలవడానికి ఓడ పక్కకి చాచిన దూలం ఒకటి ఉంటే దాన్ని గొడ్డలితో నరకాల్సి వచ్చిందట. ఆ దూలం కిట్‌లో లేదు. ఈ సాక్ష్యం చదివిన రోజే ఇత్తడి తీగ ముక్క కోసి పెట్టాను. డెక్ కుర్చీలూ అంతే. అంతకు ముందు వాటిని అలంకారం అనుకుని పట్టించుకోలేదు.

ఇలాంటివి ఫోటోల కన్నా సాక్ష్యాల్లోనే ఎక్కువ దొరికాయి. మొత్తం 20 లైఫ్ బోట్లు. 14 పెద్ద చెక్క బోట్లు, ముందు చెరో పక్కన ఒకటి చొప్పున రెండు చిన్న అత్యవసర బోట్లు, నాలుగు గుడ్డ అంచుల మడత బోట్లు. మడత బోట్లలో రెండు అత్యవసర బోట్ల దగ్గర డెక్ మీదే ఉన్నాయి, మిగతా రెండు ఆఫీసర్ల గదుల కప్పు మీద ఉన్నాయి. ఆ కప్పు మీద వాటిని దించడానికి పడ్డ అవస్థ సాక్ష్యాల్లో చదివితే, అవి ఎలా పడుకోబెట్టి కట్టారో కళ్ళకి కడుతుంది. బోట్ల నంబర్లు కుడి వైపు బేసి, ఎడమ వైపు సరి. చిన్న అత్యవసర బోట్లని ఓడ సముద్రంలో ఉన్నంతసేపూ బయటికి చాచి, ఎప్పుడంటే అప్పుడు దించేలా ఉంచేవాళ్ళు. మిగతావి లోపలికి ఉండేవి. టైటానిక్ అని చెప్పే ఫోటోలో బోట్ డెక్ ఈ మూల నుంచి ఆ మూల దాకా బోట్లే వరసగా ఉంటే ఇక చూడక్కర్లేదు. మునక తర్వాత మరమ్మతు చేసి, బోట్లు పెంచిన ఒలింపిక్ అది.

ప్లానులు చూడటం నా వృత్తి కాబట్టి వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. షిప్‌బిల్డర్ అనే ఇంగ్లండు పత్రిక 1911లో ఈ రెండు ఓడల మీద వేసిన ప్రత్యేక సంచిక మళ్ళీ అచ్చైంది. తెప్పించుకున్నాను. చూడ ముచ్చటైన డ్రాయింగులు. అయితే 1911 మధ్యలో వచ్చిన సంచికలో 1912 మార్పులు ఎలా ఉంటాయి? లండన్ విచారణ కోసం ఓడని నిలువుగా కోసినట్టు గీసిన ముప్ఫై అడుగుల పైచిలుకు ప్లాను ఒకటి ఉంది. 2011లో వేలం వేస్తే 2,20,000 పౌండ్లకి పోయింది. అంత డబ్బు పోసి కొన్నా డెక్ పైన చెక్క ఎటు పోతుందో అందులో దొరకదు. అది పక్క నుంచి చూపే బొమ్మ. బిల్డింగుల్లోనూ మాకిదే గొడవ. ప్లాను ఒకటి, సైటులో కట్టింది ఒకటి. తర్వాత ఇంటివాళ్ళు మార్చుకున్నది ఇంకొకటి. అందుకే మేం డ్రాయింగు మీద ముందు తేదీ చూస్తాం. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసి, ఓడ దగ్గరకొచ్చేసరికి తేదీ సంగతే మరిచిపోయాను.

బ్లేడు పని అయ్యాక కొత్త నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో రాసుకున్నాను: 1912 ఏప్రిల్ 11, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నర. ఐర్లండులో క్వీన్స్‌టౌన్ దగ్గర ఓడ లంగరేసి ఉన్న రెండు గంటల్లో ఒక క్షణం.

ఆ రోజే ఎందుకంటే, ఫాదర్ ఫ్రాన్సిస్ బ్రౌన్ ఆ రోజే అక్కడ దిగిపోయాడు. ఆయన అప్పటికి ఇంకా జెసూట్ అనే క్రైస్తవ సంఘంలో ఫాదర్ కావడానికి చదువుకుంటున్న విద్యార్థి, ఫోటోల పిచ్చి. సౌతాంప్టన్‌లో ఎక్కి మర్నాడు ఐర్లండులో దిగాడు. అమెరికా దాకా టికెట్ కొనిస్తామని తోటి ప్రయాణికులు అన్నారట. పై అధికారిని అడిగితే ఓడ దిగి రమ్మని తంతి వచ్చింది. ఆయనతో పాటు ఆయన ఫోటోలూ బతికాయి. వాటిలో ఒకటి, ఆరేళ్ళ పిల్లాడు డెక్ మీద బొంగరం తిప్పుకుంటుంటే పెద్దవాళ్ళు చూస్తుండే ఫోటో, నా దగ్గర ఇప్పటికీ గోడకి ఉంది. అందరూ పిల్లాడిని చూస్తారు. నేను వాడి కాలి కింద చెక్కల్ని చూశాను. బూటు ఎంత, చెక్క ఎంత? ఓ ఆదివారమంతా మా పక్కింటి ఆరేళ్ళ వాడి బూటు అరువు తెచ్చుకుని కొలుస్తూ కూర్చున్నాను. నా అయిదు అంగుళాల లెక్కకి తేడా రాలేదు. బూటు ఎందుకో అడిగిన వాళ్ళమ్మకి ఏం చెప్పాలో తెలియక "స్కేలు కోసం" అన్నాను.

తర్వాత రంగు. డెక్ అనగానే మన కంటికి టేకు తలుపు రంగు వస్తుంది, ముదురు గోధుమ. చాలా మోడళ్ళు అలాగే ఉంటాయి. దీనికి సగం కారణం పాత ఫోటోలే. అప్పటి ఫిలిం ఎరుపుని అసలు పట్టేది కాదు, పసుపుని సరిగా పట్టేది కాదు. పసుపు ఛాయ ఉన్న వస్తువు ఫోటోలో అసలు కన్నా ముదురుగా పడుతుంది. ఆ ఫోటో చూసి మనం బ్రష్షు తీసి ముదురు రంగు వేస్తాం. టైటానిక్ డెక్ ఎక్కువ భాగం పైన్ చెక్క. నీళ్ళూ అరుగుడూ ఎక్కువ ఉండే అంచుల్లో టేకు. పైన్ లేత రంగు. దానికి తోడు ఆ కాలపు బ్రిటిష్ ఓడల్లో రోజూ పొద్దున్నే ఇసుక చల్లి, రాయితో రుద్ది కడిగేవాళ్ళు. అలా రుద్దిన చెక్క తెల్లబడుతుంది. ఎండకి, ఉప్పుకి నెలలు గడిస్తే బూడిద రంగుకి తిరుగుతుంది. కానీ నా ఓడ వయసు ఎంత? ఏప్రిల్ 11 నాటికి చిత్రిక పట్టిన వాసన కూడా పోని డెక్ అది. బూడిద రంగు ఎక్కడి నుంచి వస్తుంది? తాజా మీగడలో చిటికెడు పసుపు కలిపినట్టు ఉండాలి. చూశారా, రంగు కూడా తేదీ మీదే ఆధారపడింది.

చెక్క ఎలా ఉంటుందో పుస్తకాల్లో ఎంత చదివినా తృప్తి లేక, ఒకరోజు కాసిమేడు వెళ్ళాను. అక్కడ మరమ్మతుకి ఒడ్డుకి లాగిన చెక్క బోట్ల దగ్గర ఒక పెద్దాయన పనిచేస్తున్నాడు. నా తమిళం విని, "తెలుగువారాండీ?" అన్నాడు. తాళ్ళరేవు ఆయనది. కాకినాడ పక్కన, కోరంగి దగ్గర. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్ళే అవన్నీ. రెండు చెక్కల సందులో ఉలి లాంటి మొండి ఇనుము పెట్టి, సుత్తితో తాటిస్తూ నూలు తాడు కుక్కుతున్నాడు. టక్, టక్, టక్. చివరి దెబ్బకి శబ్దం మారుతుంది, గట్టిపడిందని అర్థం. పైన ముద్ద పూస్తాడు. పెద్ద ఓడల్లో ఇదే పని తారు పట్టించిన పాత తాళ్ళ పీచుతో, పైన కాగిన కీలు, అంటే తారు లాంటి నల్లటి ముద్ద, పోసి చేసేవాళ్ళు. సన్నని నల్ల గీత అలా వస్తుంది.

నా ఫోనులో టైటానిక్ ముందు భాగం ప్లాను చూపించి, అక్కడ చెక్కల చివరలు మెట్లు మెట్లుగా ఎందుకు కోశారని అడిగాను. అణియం వైపు, అంటే ముందు మొన వైపు, ఓడ సన్నబడుతుంది. చెక్కలేమో నిటారుగా పోతాయి. అంచున ఉండే వంపు చెక్కకి ఇవి ఏటవాలుగా తగులుతాయి. కిట్‌లో వాటిని సూదుల్లా కోసి వదిలేశారు.

ఆయన ఫోను వంక చూడకుండానే చెప్పాడు. "సూదిలా కోత్తే ఏముందండి అక్కడ? మేకు పట్టదు. నూలు కుక్కేటప్పుడు ఒక్క దెబ్బకి చీలిపోద్ది. నీళ్ళు దిగి కుళ్ళిపోద్ది. మొన మొద్దుగా ఉంచి, అంచు చెక్కలో దానికి గూడు తియ్యాలండి." నేల మీద పడి ఉన్న ముక్క తీసుకుని, పెన్సిలుతో గీసి చూపించాడు. మొన వెడల్పు చెక్కలో సగం. ఇంగ్లీషు పుస్తకంలో నేను రెండు పేజీలు చదివింది ఆయన నాలుగు గీతల్లో తేల్చేశాడు. ఆ ముక్క తెచ్చుకున్నాను. అంచు చెక్కలో గూళ్ళు గియ్యని డెక్ మోడల్ ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు నా కంటికి ఆనదు.

ఇక చెయ్యడం. ముందు సైడెన్‌హామ్స్ రోడ్డులో వెనీరు అనే పల్చటి చెక్క పొర కొని, గిండీలో ఒక చోట లేజరుతో గీతలు వేయించాను. లేజరు గీత కాలి నల్లబడింది, వెడల్పు 0.1 మిల్లీమీటరు దాటింది. మళ్ళీ నా పాత శత్రువే. మోడల్‌లో చెక్క డెక్‌కి అసలు చెక్కే వాడాలనేది కూడా ఒక భ్రమ. వెనీరులో ఉండే నార స్కేలుకి తగ్గదు కదా. ఒక్కో నార గీత అసలు ఓడ మీద పెద్ద చీలికంత కనిపిస్తుంది. పన్నెండు వందల రూపాయలు పోశాక తెలిసిన సంగతి.

చివరికి నాకు తెలిసిన పనే పనికొచ్చింది. నున్నటి ప్లాస్టిక్ డెక్ మీద మీగడ రంగు వేసి, 6హెచ్ అనే గట్టి పెన్సిలుని ఉలి మొనలా చెక్కి, స్టీలు స్కేలు పెట్టి గీశాను. ఓడ వెడల్పు ఈ స్కేల్లో ఎనిమిది సెంటీమీటర్లు, అడ్డంగా దాదాపు 220 చెక్కలు. ప్రతి నాలుగైదు గీతలకి మొన మళ్ళీ చెక్కాలి. పొడుగ్గా గీసినవన్నీ అయ్యాక చెక్కల అతుకులు. పక్కపక్క చెక్కల అతుకులు ఒకే దూలం మీద పడకూడదు. ఒకే దూలం మీద రెండు అతుకులు రావాలంటే మధ్యలో కనీసం మూడు చెక్కలు దాటాలి. మేస్త్రీ ఇటుకలు పేర్చే పద్ధతే. అంతా అయ్యాక మెత్తటి రబ్బరుతో పైపైన తుడిస్తే గీతలు సగం చెరిగిపోయాయి. అప్పుడు సరిపోయింది. రెండడుగుల దూరం నుంచి గీతలు కనిపించవు, చెక్క డెక్ అని మాత్రం తెలుస్తుంది. బోట్ డెక్ ఒక్కదానికే ఏడు వారాలు పట్టింది. కంటి డాక్టరు కొత్త అద్దాలు రాశాడు.

ఒక అల్లరి పని కూడా చేశాను. నాలుగు పొగ గొట్టాల్లో నాలుగోది బాయిలర్లది కాదు, గాలి కోసం, వంటిళ్ళ పొగ కోసం పెట్టింది. క్వీన్స్‌టౌన్‌లో ఉండగా బొగ్గు కొట్టేవాడొకడు లోపల నిచ్చెనెక్కి ఆ గొట్టం పైనుంచి మసి మొహంతో తొంగి చూశాడట. అపశకునం అని కొందరు భయపడ్డారని ఆనాటి మనుషులు చెప్పుకున్నారు. నా ఓడలో ఇప్పుడు సరిగ్గా ఆ సమయమే కాబట్టి, వాడు ఉండాల్సిందే. తలకాయ సైజు స్కేల్లో 0.6 మిల్లీమీటరు. ఆవగింజ కూడా పెద్దదైపోయింది. గసగసాల గింజ ఒకటి నల్ల రంగులో ముంచి, సూది మొనతో గొట్టం అంచున అతికించాను. చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాను.

సంక్రాంతికి రాయపురం నుంచి మా మావయ్య, అత్తయ్య వచ్చారు. మావయ్యకి ఎనభై అయిదు. చూపు మాత్రం నా కన్నా నయం. భూతద్దం లేకుండానే డెక్ అంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. గసగసాల వాడిని కూడా తనే పట్టేశాడు. మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

"ఒరేయ్, ఇంత ఓడలో మనిషి నడుం వాల్చడానికి చోటు లేదేంట్రా?"

"అందరికీ లోపల గదులున్నాయి మావయ్యా."

"మేం డెక్ మీదే కదరా పడుకున్నాం, పినాంగ్ దాకా."

మావయ్య రజూలా ఎక్కాడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. 1926లో గ్లాస్గోలో కట్టిన ఓడ అది, బ్రిటిష్ ఇండియా కంపెనీది. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూర్. ఒకే పొగ గొట్టం, నల్లది, దాని మీద రెండు తెల్ల పట్టీలు. టైటానిక్‌లో సగానికి కాస్త ఎక్కువ పొడవు. కానీ కొత్తలో దానికిచ్చిన అనుమతి అయిదు వేల మందికి పైగా డెక్ ప్రయాణికులకి! టైటానిక్ ఆ ఆఖరి ప్రయాణంలో మోసింది సిబ్బందితో కలిపి 2,200 మందిని. 1973లో రజూలాని షిప్పింగ్ కార్పొరేషన్ కొని రంగత్ అని పేరు మార్చింది, మరుసటి ఏడాదే బొంబాయిలో ముక్కలు చేశారు. దీనికి కిట్ లేదు. మద్రాసు రేవులో నలభై ఆరేళ్ళ పాటు కనిపించిన ఓడకి కిట్ లేదు, అట్లాంటిక్‌లో నాలుగు రోజులు తిరిగిన దానికి మాత్రం ప్రతి సైజులోనూ ఉంది.

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు ఇచ్చాను. మావయ్య గీశాడు. సరుకు దించే పెద్ద గుంత, దాని మీద చెక్క మూతలు, పైన టార్పాలిన్. మంచి చోటు అదే, ముందు ఎక్కినవాళ్ళకే దొరుకుతుంది. పైన కాన్వాసు పందిరి. ట్రంకు పెట్టె తల వైపు, చాప పక్కన. నీళ్ళ పంపు ఇటు.

"ఆ మూత ఎంత వెడల్పు ఉంటుంది?"

"అడ్డంగా ఏడు చాపలు. అటు మూలన గుజరాతీ వాళ్ళ సామాను ఉండేది, అది కాక."

అత్తయ్య దగ్గర ఇంకా ఒక పాత తుంగ చాప ఉందట. టేపుతో కొలిచి ఫోను చెయ్యమన్నాను. కన్నెమరా లైబ్రరీలో ఇంతకు ముందు రెండు రోజులు కూర్చుని రజూలా పేరు కోసం వెతికాను. ఓడ టన్నులు, యంత్రాలు దొరికాయి. మూత మీద ఎన్ని చాపలు పడతాయో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

"ఇది ఏ సంవత్సరం మావయ్యా?"

"ఏదైతే ఏంట్రా? ఓడ అదే కదా."

"అదే ఉండదు. రంగులు మారతాయి, బోట్లు మారతాయి. తేదీ కావాలి."

"తేదీ ఎక్కడ గుర్తుంటుంది! మీ అత్తయ్య అప్పుడు కడుపుతో ఉంది. పెద్దోడు అరవై ఆరు మేలో పుట్టాడు. నువ్వే లెక్క కట్టుకో."

నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి రాశాను: రజూలా. 1965 అక్టోబరు. డెక్ వయసు ముప్ఫై తొమ్మిదేళ్ళు, కాబట్టి బూడిద రంగు.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అక్టోబరు కాదురా. దీపావళి వెళ్ళిన పై వారం ఎక్కాం. నాగపట్నం దాటేదాకా ఒకటే వాన. చాప పరిస్తే చాప కింద నీళ్ళు."

అక్టోబరు కొట్టేసి నవంబరు అని రాశాను. పక్కన, బూడిద రంగు అన్న చోట, 'తడి, ముదురు' అని దిద్దాను.